‘స్వీయ ప్రచురణలు అర్హం కావు’ అని రాసే పెద్దలకు

నవలా పురస్కారాల నిర్వాహకులకు, అర్హత నిబంధనలు తయారుచేసే కమిటీల వారికి,

నమస్కారం.

ఏటా మీరు విడుదల చేసే ప్రకటనలో గడువు తేదీకీ, పంపాల్సిన ప్రతుల సంఖ్యకీ మధ్య ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది. రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకాలను పరిశీలించం అని. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు గానీ సారం అదే. బుకర్ ప్రైజ్ నిబంధనల్లోనూ ఇది ఉంది. రచయితే ప్రచురణకర్త అయినా, ఆ ఒక్క పుస్తకం కోసమే ఓ సంస్థను పెట్టినా వాళ్ళు తీసుకోరు. అంత పెద్ద బహుమతికే ఉన్నప్పుడు మనకు ఉంటే తప్పేంటని చిన్నాచితకా బహుమతుల వాళ్ళు కూడా ఆ వాక్యాన్ని చూసి రాసుకుంటున్నారేమోనని నా అనుమానం. ఎందుకు పెట్టారని అడిగితే మాత్రం సూటిగా జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకూ నాకు తగల్లేదు. ‘మొదటి నుంచీ ఉందండీ’ అంటారు.

నేను నవలలు రాయను, రాసినవాటిని దిద్దుతాను. కాపీ ఎడిటింగ్ నా వృత్తి. పేరున్న సంస్థలు పంపే రాతప్రతులూ, ఏ సంస్థ దన్నూ లేకుండా సొంతంగా వేసుకోబోయేవాళ్ళ రాతప్రతులూ నా దగ్గరికి ఒకే ఈమెయిల్‌కి వస్తాయి. రెండింటికీ ఒకే రకంగా కామాలు సరిచేస్తాను, ఒకే రకంగా ‘ఈ పాత్ర మూడో అధ్యాయంలో చనిపోయింది కదా?’ అని అంచుల్లో రాస్తాను. కాబట్టి మీరు లోపలికి రానివ్వని మనుషుల గురించి కాస్త దగ్గరగా తెలిసినదాన్నేనని అనుకోండి.

ఎక్కడా దిక్కులేకే వీళ్ళు సొంతంగా వేసుకున్నారన్న ఊహ మీ నిబంధనలో ఉంది. కొందరి విషయంలో అది నిజమే, కాదనను. రచయితల తరఫున సంస్థలతో మాట్లాడే ఏజెంట్లకు పంపి, నెలల తరబడి ఎదురుచూసి, వచ్చిన జవాబుల్లో రెండు లైన్ల మర్యాద తప్ప ఇంకేమీ కనిపించక విసిగిపోయి ఈ దారి పట్టినవాళ్ళు ఉన్నారు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సంగతి వేరు.

ఒకామె వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. రాత్రి డ్యూటీ. ఆమె నవలలో ప్రధాన పాత్రకు 71 ఏళ్ళు. ఆ పెద్దావిడ కూతురితో మాట్లాడటం మానేసి ఉంటుంది, పుస్తకం అయిపోయేసరికి కూడా మాట్లాడదు. ఒక ప్రచురణ సంస్థ దాన్ని చదివి నచ్చిందనే చెప్పింది. ఆవిడ వయసు బాగా తగ్గించి, చివర్లో తల్లీకూతుళ్ళను కలిపేస్తే వేస్తామంది. నర్సు కొన్నాళ్ళు ఆలోచించి వద్దంది. “కలిపితే చదివేవాళ్ళకి హాయిగానే ఉంటుందండీ. కానీ నేను చూసినవాళ్ళు కలవలేదు” అని నాతో అంది. ఆ ముగింపును అలాగే ఉంచడం కోసం ఆమె తన జీతంలోంచి నాకూ, కవర్ డిజైనర్‌కూ డబ్బు కట్టింది. ఈమెను తిరస్కరించినవాళ్ళు ఎవరూ లేరు. తిరస్కరించింది ఆమే.

ఇంకొకాయన రాసేవన్నీ పొట్టి నవలలు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా అవార్డుల లెక్కలో 17,500 పదాల నుంచి 40,000 పదాల లోపు ఉంటే నోవెల్లా. ఆయన కథలు సరిగ్గా ఆ మధ్యలో పడతాయి. పత్రికకు మరీ పెద్దవి, అచ్చుపుస్తకంగా వేసి అమ్మడానికి మరీ సన్నవి. ఇంకో యాభై పేజీలు కలపమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. ఎడిటర్‌గా చెబుతున్నాను, ఆ కథలకు ఇంకో పేజీ కలిపినా చెడిపోతాయి. ఈబుక్‌కి వెన్నెముక మందంతో పనిలేదు కాబట్టి ఆయన ఈబుక్కులు వేసుకున్నాడు.

మరికొందరికి హక్కుల పట్టింపు. 2012లో హ్యూ హోవీ అనే అమెరికన్ రచయిత సొంతంగా అమ్ముకుంటున్న నవలకు పెద్ద సంస్థ నుంచి ఆఫర్ వస్తే ముద్రణ హక్కులు మాత్రమే ఇచ్చి, ఈబుక్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఒప్పందం తర్వాతే చాలామంది కొత్తవాళ్ళు కాంట్రాక్టులోని ప్రతి క్లాజూ చదవడం మొదలుపెట్టారని నాకనిపిస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడిచినవాళ్ళూ ఉన్నారు. అమెరికన్ రచయిత్రి అమాండా హాకింగ్ సొంతంగా లక్షల కొద్దీ ఈబుక్కులు అమ్మి, 2011లో పెద్ద సంస్థతో సంతకం చేసింది. ఈమెయిళ్ళూ కవర్లూ ఎడిటర్ల వెతుకులాటా తన వారాన్ని మింగేస్తున్నాయని, తనకు రాసుకోవడం కావాలని చెప్పింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అయితే ఈ ఇద్దరి పేర్లూ చెప్పి చెప్పి అరిగిపోయాయి. కొత్తగా రాస్తున్నవాళ్ళ దగ్గర వీళ్ళ ప్రస్తావన తెస్తే ఓపిగ్గా నవ్వుతారు, అంతే.

అసలు ఈ పని ఎలా సాగుతుందో మీకు తెలియాలి. తెలిస్తే ఆ వాక్యం రాసేముందు ఒక నిమిషం ఆగుతారని నా ఆశ. వీళ్ళలో దాదాపు అందరికీ ఇంకో ఉద్యోగం ఉంటుంది. మొదటి ప్రతి ఫోన్‌లో తయారవుతుంది, లంచ్ టైములో, బస్సులో, పిల్లల్ని నిద్రపుచ్చాక. ఒకతను అధ్యాయాలన్నీ తనకు తానే వాయిస్ మెసేజ్‌లుగా పంపుకొని సెలవురోజున టైప్ చేస్తాడు. నాకు వచ్చిన ప్రతిలో ఒకచోట సంభాషణ మధ్యలో ‘కొంచెం జరగండి’ అని ఉంటే, అది పాత్ర మాటేమోనని చాలాసేపు తలపట్టుకున్నాను. రైల్లో పక్కాయనతో అన్నమాటట.

ప్రతి పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. అచ్చుకు ముందే చదివి అభిప్రాయం చెప్పే బీటా రీడర్లను వెతుక్కోవాలి. వాళ్ళు చెప్పే పరస్పర విరుద్ధమైన సలహాల్లో ఏది వినాలో తేల్చుకోవాలి. కథ నిర్మాణాన్ని చక్కదిద్దే స్ట్రక్చరల్ ఎడిటింగ్‌కూ, కాపీ ఎడిటింగ్‌కూ ప్రూఫ్ రీడింగ్‌కూ విడివిడిగా డబ్బు కావాలి, మూడింటికీ సరిపోదు కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాలి. అట్ట వెనక మాటలు రాసుకోవాలి. మూడువందల పేజీలు అవలీలగా రాసినవాళ్ళు ఆ నూటయాభై పదాల దగ్గర ఏడ్చినంత పని చేస్తారు. అక్షరాల సైజు, మార్జిన్లు, పుస్తకానికి గుర్తింపు సంఖ్యగా ఉండే ఐఎస్‌బీఎన్, ప్రకటనలు అన్నీ వాళ్ళే చూసుకోవాలి. పెద్ద సంస్థలో వీటికి ఒక్కోదానికి ఒక్కో మనిషి ఉంటారు. ఇక్కడ అందరూ ఒకరే, అదీ డ్యూటీ అయ్యాక.

డబ్బు విషయానికొస్తే, అమెజాన్ 2007 నవంబరులో ఎవరైనా తమ పుస్తకాన్ని కిండిల్ అనే ఈబుక్ వేదికలో పెట్టుకునే వీలు కల్పించాక ఈ రంగం రూపమే మారిపోయింది. అక్కడ ఈబుక్ ధర 2.99 డాలర్ల నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే రచయితకు 70 శాతం రాయల్టీ, ఆ పరిధి దాటినా తగ్గినా 35 శాతం. వినడానికి బాగుంటుంది. సంప్రదాయ ప్రచురణలో ఇంత శాతం ఎవరూ ఇవ్వరు. కానీ ప్రకటనల ఖర్చు, ఎడిటర్ ఫీజు, కవర్ ఖర్చు తీసేస్తే మొదటి పుస్తకానికి మిగిలేది సాధారణంగా ఏమీ ఉండదు, అప్పు తప్ప. వీళ్ళు డబ్బు కోసమే ఎగబడి పుస్తకాలు గుమ్మరిస్తున్నారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. డబ్బే కావాలంటే ఇంతకంటే తేలికైన ఓవర్‌టైమ్ ప్రతి ఉద్యోగంలోనూ దొరుకుతుంది.

మరి ఎందుకు రాస్తారు? దీనికి పెద్ద పెద్ద మాటలు చెప్పొచ్చు గానీ, నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కిండిల్ చందా పథకంలో 2015 జులై నుంచి పుస్తకాన్ని తీసుకున్నందుకు కాకుండా, చదివిన పేజీలను లెక్కగట్టి డబ్బిస్తున్నారు. రచయిత డాష్‌బోర్డ్‌లో రోజుకు ఎన్ని పేజీలు చదివారో ఓ గ్రాఫ్ వస్తుంది. ఎవరు చదివారో తెలియదు. పాఠకులు వేలల్లో ఉంటే అదొక అంకె మాత్రమే. ఒక్కరే ఉన్నప్పుడు దాని అర్థం మారిపోతుంది.

ఒక కుర్రాడి మొదటి నవల వచ్చిన కొత్తలో గ్రాఫ్ అంతా నేలమట్టంగా ఉండేది. ఓ రోజు 38 పేజీలు. మర్నాడు 52. ఆ తర్వాత సున్నా, మళ్ళీ సున్నా. ఆ రెండూ కూడి, వాళ్ళ పేజీ లెక్కను తన ఫైల్‌తో సరిచూసుకుని, ఆ పాఠకులెవరో సుమారుగా తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగి ఉంటారని తేల్చాడు. “అక్కడ అంత్యక్రియల సీన్ ఉందండీ, మరీ సాగదీశానా?” అని నాకు మెసేజ్. సాగలేదని నేనంటే నమ్మలేదు. మళ్ళీ చదువుకున్నాడు, ఒక పేరా కొట్టేశాడు, మళ్ళీ పెట్టాడు. ఆ వారం చివర్లో ఒక్కరోజే 140 పేజీలు! ఎవరో ఊరెళ్ళొచ్చి, లేదా జ్వరం తగ్గి, లేదా ఇంకేదో పని ముగించుకుని, కూర్చుని చివరిదాకా చదివేశారు. ఆ పూట అతను ఆఫీసులో పని చేయలేకపోయాడట. ఆ పేజీలకు వచ్చింది చెప్పుకోదగ్గ డబ్బేమీ కాదు. ముక్కూమొహం తెలియని మనిషి ఒకరు తను రాసిన చావు దగ్గర ఆగి, మళ్ళీ తిరిగొచ్చారన్నదే అతనికి చాలు. రెండో నవల మొదలుపెట్టాడు.

ఇలాంటి మనిషి మీ బహుమతికి పంపుకోవాలనుకుంటే మీ జవాబు ఆ వాక్యం.

బహుమతి రాకపోతే ఏం పోయిందని అడగొచ్చు. బహుమతి వచ్చేది ఎలాగూ ఒక్కరికే. కానీ లాంగ్‌లిస్ట్‌లో, అంటే తొలి ఎంపిక జాబితాలో, పేరుంటే గ్రంథాలయం కొంటుంది, సమీక్షకులు పుస్తకం తెరుస్తారు, పుస్తకాల షాపువాళ్ళు ఫోన్ ఎత్తుతారు. ఈ తలుపులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి మూసుకుంటాయి. సమీక్షల పేజీవాళ్ళు ‘బహుమతులవాళ్ళే తీసుకోరు కదా’ అంటారు, మీరేమో ‘ఎక్కడా సమీక్షలు రాలేదు కదా’ అంటారు.

పైగా మీ నిబంధన ఆపాలనుకున్నదాన్ని ఆపడం లేదు. డబ్బు కట్టించుకుని పుస్తకం అచ్చేసే కంపెనీలు మీకు తెలియనివి కావు. ‘మీ రాతప్రతి మా సెలెక్షన్ కమిటీకి ఎంతో నచ్చింది’ అని ఉత్తరం వస్తుంది, ఆ వెనకే ప్యాకేజీల పట్టిక వస్తుంది. వాళ్ళ దగ్గర ఎడిటింగ్ అంటే స్పెల్ చెక్. అయినా పుస్తకం మీద కంపెనీ పేరు, లోగో ఉంటాయి. కాబట్టి కాగితం మీద ప్రచురణకర్త వేరు, రచయిత వేరు. చాలా బహుమతుల నిబంధనలు రాసిన తీరు చూస్తే ఆ పుస్తకం నేరుగా లోపలికి వచ్చేస్తుంది. అదే మనిషి ఆ డబ్బును నిజమైన ఎడిటర్‌కు, నిజమైన డిజైనర్‌కు ఇచ్చి, దాపరికం లేకుండా ప్రచురణ: రచయిత అని వేసుకుంటే బయటే నిలబడాలి. కొత్తవాళ్ళకు ఆ కంపెనీలు వేసే ఎర కూడా ఇదే, ‘మా పేరు మీద వస్తే అవార్డులకు అర్హత ఉంటుంది’ అని. మీ వాక్యాన్ని వాళ్ళు తమ అమ్మకాల కాగితంలో వాడుకుంటున్నారు.

ఇక మీ వైపు ఇబ్బంది. వచ్చిపడే పుస్తకాల గుట్టలు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 2023 సెప్టెంబరులో అమెజాన్ ఒక రచయిత రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని పరిమితి విధించింది. రోజుకు మూడు! అలాంటి పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే అవతల ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు. కృత్రిమ మేధతో గంటలో ఒక నవల తయారుచేసి పడేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళు కాక, మనసు పెట్టి రాసినా పస లేని పుస్తకాలూ ఎక్కువే. నేనే చాలా ప్రతుల్ని ఇంకోసారి తిరగరాసి పంపమని వెనక్కి పంపుతాను, కొందరు మళ్ళీ రారు. గేట్లు బార్లా తెరిస్తే మీ న్యాయనిర్ణేతలు మునిగిపోతారన్న భయం నాకు అర్థమవుతుంది.

కానీ ఆ గుట్టను మనుషులు జల్లెడ పట్టగలరని ఇప్పటికే రుజువైంది. ఫాంటసీ రచయిత మార్క్ లారెన్స్ 2015లో స్వీయ ప్రచురణ ఫాంటసీ నవలలకు మాత్రమే ఒక పోటీ మొదలుపెట్టాడు. మూడువందల నవలలు, పదిమంది బ్లాగర్లు. ఒక్కొక్కరికి ముప్ఫై ఇస్తారు. అందులోంచి ఒక్కోటి ఎంచుకుంటారు. అలా తేలిన పదింటినీ పదిమందీ చదివి మార్కులు వేస్తారు. అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు, కొన్ని పేజీలకే తేలిపోయేవి తేలిపోతాయి. జీతాలు లేవు, సభలు లేవు, శాలువాలు లేవు. గెలిచినవాళ్ళకు దక్కేది సెల్ఫీ స్టిక్! ఆఫీసూ సిబ్బందీ స్పాన్సర్లూ ఉన్న సంస్థలు తమ వల్ల కాదంటే ఎలా నమ్మమంటారు?

నిబంధన మార్చుకున్న సంస్థలూ ఉన్నాయి. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2015లో స్వీయ ప్రచురణ చేసుకున్నవాళ్ళకు సభ్యత్వం తెరిచింది. ఊరికే తెరవలేదు. ఒక నవల మీద ఏడాదిలో కనీసం 3,000 డాలర్లు సంపాదించి ఉండాలని అప్పట్లో షరతు పెట్టింది. సంపాదనను కొలతగా పెట్టడం నాకు నచ్చలేదు, పైన చెప్పిన కుర్రాడు దాంట్లో నిలబడడు. అయినా వాళ్ళు ఒక కొలత పెట్టారు. మీరు పెట్టింది కొలత కూడా కాదు. పుస్తకం తెరవకముందే చెప్పే జవాబు.

పాతకాలం సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది నేరుగా న్యాయనిర్ణేతలకు సంబంధించింది. ఫ్రెంచ్ రచయిత మార్సెల్ ప్రూస్ట్ తన మహానవల మొదటి సంపుటాన్ని 1913లో సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. అంతకుముందు దాన్ని కాదన్నవాళ్ళలో తర్వాత గాలిమార్ అనే పేరున్న ప్రచురణ సంస్థగా మారబోయే సంస్థ కూడా ఉంది. తర్వాత ఆ సంస్థే పశ్చాత్తాపపడి అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. వాళ్ళు వేసిన రెండో సంపుటానికి 1919లో ఫ్రాన్స్‌లో పేరున్న గోంకూర్ బహుమతి వచ్చింది. సొంతంగా వేసుకునే ప్రతి రచయితా ప్రూస్ట్ అని నేను అనడం లేదు, అనేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. నేనడిగేది ఒక్కటే. మీ నిబంధన ఉద్దేశాన్ని బట్టి చూస్తే అదే మనిషి, అదే కథ, అదే చేతిరాత, 1913లో అనర్హం, 1919లో అర్హం. మధ్యలో మారింది అట్ట మీద పేరు. దీన్ని సాహిత్య ప్రమాణం అని ఎలా అంటాం?

అందుకని నా మనవి. ఆ వాక్యం తీసేయండి. దాని స్థానంలో మీకు కావాల్సినవి రాయండి. ఒక రచయిత ఏడాదికి ఒక్క పుస్తకమే పంపాలనండి. వృత్తిరీత్యా ఎడిటింగ్ చేసే ఒకరు దిద్దినట్టు, వాళ్ళ పేరుతో సహా చూపించమనండి, మాకూ కాస్త పని దొరుకుతుంది. రచన తమదేనని, యంత్రం రాసింది కాదని సంతకం చేయించుకోండి, అబద్ధమని తేలితే ఇచ్చింది వెనక్కి తీసుకోండి. డబ్బు కట్టి వేయించుకున్న పుస్తకమైతే ఆ సంగతి చెప్పమనండి, సంస్థ ఏదైనా సరే. ఎంట్రీ ఫీజు మాత్రం భారీగా పెట్టకండి. దాంతో ఆగేది పనికిరాని పుస్తకాలు కావు, డబ్బు లేనివాళ్ళు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, మొదటి వడపోతకు ఇచ్చే ప్రతుల్లో రచయిత పేరూ సంస్థ పేరూ తీసేయండి. పెద్ద సంస్థల పుస్తకాలక్కూడా అలాగే చేయండి. దీనికి సంస్థలు ఒప్పుకోవేమో, వాళ్ళతో ఉన్న సంబంధాలు చెడతాయేమో అన్న టెన్షన్ మీకు ఉండొచ్చు. మొదట ఒక్క ఏడాది, మొదటి యాభై పేజీలకు మాత్రమే ఇలా చేసి చూడండి. షార్ట్‌లిస్ట్ వేసుకున్నాక అట్టలు తిప్పి చూసుకోండి. ఎప్పటి పేర్లే వస్తే వచ్చే ఏడాది మీ పాత నిబంధన మళ్ళీ పెట్టుకోండి, నేను నోరెత్తను.

వడపోతకు మనుషులు చాలరన్నదే అడ్డంకి అయితే నన్ను పిలవండి. నాతోపాటు ఈ పని చేసే మరికొందరు కాపీ ఎడిటర్లు కూడా వస్తామన్నారు. మేం దిద్దిన పుస్తకాలు మాకు ఇవ్వకండి, మిగతావి ఏ జానర్ అయినా ఫర్వాలేదు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపండి, చదువుతూ అంచుల్లో రాసుకోవడానికి వీలుంటుంది. వచ్చే ఏడాది ప్రకటన అచ్చుకు వెళ్ళేలోపు మీ జవాబు చెబితే మా తేదీలు చూసుకుంటాం.

ఇట్లు,
ఒక కాపీ ఎడిటర్